హిమసీమలో కొలువు



భారతమున యక్షుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలలో, లోకమున సుఖించువాడెవ్వడు అన్నది యొకటి. అప్పులేక, పరదేశవాసము లేక, తన యింట తనకు కలిగినదే వండుకొని తినువాడు సుఖియని ధర్మనందనుడు చెప్పిన యుత్తరముయొక్క సారాంశము. సామాన్య సంసారి కష్టమంతయు ఆ రెండు మాటలలోనే యిమిడియున్నది: అప్పు ఒకటి, ప్రవాసము ఒకటి. అయితే, అప్పు తీర్చుకొనుటకే పరదేశము పోవలసివచ్చినవాని గతి యేమి? ఒక దుఃఖమును పోగొట్టుకొనుటకు మరియొక దుఃఖమును కొనితెచ్చుకొనువాడు సుఖియా, దుఃఖియా? యక్షుడు ఆ ప్రశ్న అడుగలేదు. అడిగియుండినచో ధర్మరాజు సహితము కొంత తడవు ఆలోచింపవలసివచ్చెడిదేమో.

ఈ రజతోత్సవ సందర్భమున చెప్పబోవునది అట్టి ప్రవాసుల కథ. వారు రాజులు కారు, దండనాయకులు కారు. బ్రిటను దేశమునకు ఉత్తరపు కొసనున్న చిన్న దీవులలోని బీదరైతుల బిడ్డలు. వారు సుమారు రెండు వందల సంవత్సరములపాటు, తరమువెంట తరముగా, నేటి కెనడా దేశమునందలి హడ్సను అఖాతపు మంచుసీమకు కొలువునకు పోయిరి. వారి జీతములు, అప్పులు, చావులు, నడవడులు అన్నియు లెక్కపుస్తకములలో వ్రాయబడి నేటికిని నిలిచియున్నవి. కావున ఈ కథలో కల్పనకు అవసరమే లేదు.

వారి జన్మస్థానము ఆర్క్నీ దీవులు. స్కాట్లండునకు ఉత్తరమున సుమారు 70 దీవులు గుంపుగా నున్నవి. వానిలో జనులు కాపురముండునవి యిరువదికి మించవు. అచట ఎడతెగని గాలి. ఆ గాలికి చెట్లు ఎదుగుట అరుదు. పూర్వము ఈ దీవులు నార్వే రాజుల యేలుబడిలో నుండెను. 1468లో డెన్మార్కు నార్వేల రాజైన మొదటి క్రిస్టియను తన కూతురు మార్గరెట్టును స్కాట్లండు రాజు మూడవ జేమ్సునకు ఇచ్చుచు, కట్నపు సొమ్ము చేతలేక, ఈ దీవులను తాకట్టు పెట్టెను. ఆ తాకట్టు మరల విడిపింపబడలేదు. కట్నము చెల్లక పొలము పోగొట్టుకొన్న సంసారులు మన సీమలో కలరు. కట్నము చెల్లక దీవులనే పోగొట్టుకొన్న రాజు కథ యిది. ఏలిక మారినను రైతు బ్రతుకు మారలేదు. చిన్న కమతములు, యవలు, ఓట్లు, కొలది గొఱ్ఱెలు, చేపల వేట. సముద్రపు పాచిని కాల్చి గాజునకును సబ్బునకును పనికివచ్చు బూడిద చేయుట. భూస్వామికి చెల్లింపవలసిన కౌలు. ఇంట నలుగురు కొడుకులున్నచో కమతము ఒక్కనికే చాలదు. మిగిలిన మువ్వురికి సముద్రమే దారి.

ఆ సముద్రమున వారికి ఎదురైనది హడ్సను బే కంపెనీ. ఇంగ్లండు రాజు రెండవ చార్లెసు 1670 మే 2వ తేదీన ఈ కంపెనీకి సన్నదు నొసగెను. హడ్సను అఖాతములోనికి పారు నదుల పరీవాహ భూమియంతయు దాని వర్తకమునకును అధికారమునకును అప్పగింపబడెను. ఆ భూమి సుమారు 39 లక్షల చదరపు కిలోమీటర్లు, అనగా మన భారతదేశముకంటె పెద్దది. కంపెనీ మొదటి గవర్నరగు రూపర్టు రాకుమారుని పేరున దానికి రూపర్ట్స్ లాండ్ అని నామకరణము చేసిరి. అచట వేలయేండ్లుగా నివసించుచున్న క్రీ మొదలగు జాతులను ఎవ్వరును అడుగలేదు. తాను చూడని భూమిని, తనది కాని భూమిని, రాజు దానపత్రమున వ్రాసి యిచ్చెను.

ఈ కంపెనీ రీతి ఆంధ్రులకు క్రొత్తది కాదు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు మన మచిలీబందరున ఫాక్టరీ పెట్టిరి. అదే 1611వ సంవత్సరమున, ఆ ఉత్తరపు అఖాతమును వెదకి కనుగొన్న హెన్రీ హడ్సను, తన నావికులే తిరుగబడి చిన్న పడవలో దించి విడిచిపోగా, ఆ మంచునీటిలో అదృశ్యుడయ్యెను. ఫాక్టరీ యన్న మాటకు ఆ కాలమున యంత్రశాల యని యర్థము కాదు; ఫాక్టరు, అనగా కంపెనీ వర్తక ప్రతినిధి, ఉండు కొఠీ యని యర్థము. బందరులో కలంకారీ వస్త్రములు కొన్నట్లే, యార్క్ ఫాక్టరీలోను మూస్ ఫాక్టరీలోను బీవరు అను జంతువు తోళ్ళు కొనిరి. ఆ రోమముతో ఐరోపాలో టోపీలు చేయుచుండిరి. దొరల తలమీది టోపీకొరకు దీవుల బిడ్డలు మంచులో నడువవలసివచ్చెను.

లండను నుండి బయలుదేరిన కంపెనీ ఓడలు ఆర్క్నీలోని స్ట్రామ్‌నెస్ రేవున మంచినీళ్ళకై ఆగుచుండెను. నీళ్ళతోపాటు మనుష్యులను సహితము ఎక్కించుకొనుట 18వ శతాబ్ది ఆరంభమునుండి వాడుక యయ్యెను. ఆ శతాబ్ది ముగియునప్పటికి, అఖాతపు కొఠీలలోని కొలువుకాండ్రలో సుమారు నాలుగింట మూడు వంతులు ఆర్క్నీవారే. కారణము స్పష్టము. వారు పడవ నడుపగలరు, చలికి ఓర్వగలరు, తక్కువ జీతమునకు వత్తురు. కూలివాని జీతము సంవత్సరమునకు 6 పౌనులు. ఒడంబడిక సామాన్యముగా ఐదేండ్లు. తిండి, వసతి కంపెనీవి. పొగాకు, బ్రాందీ, అదనపు బట్టలు కొన్నచో ఖాతాలో ఖర్చు వ్రాయుదురు. మిగిలిన జీతము లండనులో నిలువ యుండును. పొదుపరి యైనవాడు ఐదేండ్లకో, పదేండ్లకో ఇంటికి వచ్చి చిన్న కమతము సంపాదించుకొనును. పొదుపు లేనివాడు మరల ఐదేండ్లకు చేవ్రాలు చేయును.

ఈ ఐదేండ్ల కరారు మన తెలుగువారికిని తెలియనిది కాదు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసు నుండి కూలీలను దక్షిణాఫ్రికాలోని నేటాలునకు చేర్చెను. వారిలో తెలుగువారును కలరు. వారి ఒడంబడికయు ఐదేండ్లే. ఒకరు ఎండసీమలోని చెఱకు తోటలకు, మరియొకరు మంచుసీమలోని తోళ్ళ కొఠీలకు. ఒడంబడిక కాగితములు మాత్రము ఒకదానికొకటి చాల దగ్గర చుట్టములు.

వీరు ఇట్లు పోవుట అందరకును సమ్మతము కాదు. 1790 ప్రాంతమున స్కాట్లండులోని ప్రతి గ్రామపు మతగురువుచేతను ఆ గ్రామపు వృత్తాంతము వ్రాయించి ఒక మహాగ్రంథముగా ప్రకటించిరి. అందు ఆర్క్నీలోని ఆర్ఫిర్ గ్రామపు పాదిరి, ఈ కొలువునకు పోవువారిని గట్టిగా నిందించెను. పనివాండ్రు పోవుటచే సేద్యము చెడుచున్నదనియు, తిరిగివచ్చినవారు భూమికి ఎక్కువ కౌలు పాడి ఊరివారిని వెళ్ళగొట్టుచున్నారనియు అట్టి ఫిర్యాదులు ఆ కాలమున వినవచ్చెను. పాదిరి మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని ఆయన భత్యము ఆయనకు ఊరిలోనే చేరుచుండెను. నాలుగవ కొడుకునకు ఊరిలో ఏమి చేరుచుండెనో ఆ మహాగ్రంథమున ఎవ్వరును లెక్కకట్టలేదు.

ఇక ఆ దేశపు చలినిగూర్చి చెప్పవలెను. జూను చివరనో జూలై మొదటనో స్ట్రామ్‌నెస్ విడిచిన ఓడ ఆగస్టులో అఖాతము చేరును. సరుకు దించి, తోళ్ళు ఎక్కించుకొని, సెప్టెంబరులో తిరుగుముఖము పట్టవలెను. ఆలస్యమైనచో మంచు ఓడను పట్టుకొనును. ఆ ఓడ కనుమరుగైన తరువాత మరల సంవత్సరమువరకు ఇంటి వార్త లేదు. తండ్రి మరణించినను, భార్య ప్రసవించినను, పొలము అమ్ముడుపోయినను తెలియుటకు ఆ యొక్క ఓడయే సాధనము. నదులు నెలల తరబడి గడ్డకట్టియుండును. భూమి కొన్ని అడుగుల దిగువన ఏడాది పొడవునను గడ్డకట్టియే యుండును.

చలి యెంతటిదనగా, ఉష్ణమాపకములోని పాదరసమే గడ్డకట్టును. సెంటిగ్రేడు లెక్కన సున్నకు సుమారు 39 డిగ్రీలు దిగువన పాదరసము ఘనీభవించునని ఆల్బనీ కొఠీ అధిపతియగు థామసు హచిన్సు 1781-82 చలికాలమున పరీక్షలు చేసి నిశ్చయించెను. అందులకు లండను రాయల్ సొసైటీవారు 1783లో ఆయనకు కాప్లే పతకమొసగిరి. పండితునకు అది పతకము. కట్టెలు కొట్టు కూలివానికి అదే చలి వ్రేళ్ళు తెగిపడు గండము. అట్టి చలిలో కట్టెలు నరికి మోయుట, నీటికై మంచుగడ్డకు రంధ్రము చేయుట, అడవిబాతులను కొట్టి ఉప్పులో ఊరవేయుట, పడవలు చెక్కుట, తోళ్ళ మూటలు బిగించుట వారి నిత్యకృత్యము. వేసవి వచ్చినదని సంతోషింతమన్నచో దోమలు మేఘములవలె వచ్చి పడును.

అట్టి సీమలో వారు ఎట్లు బ్రతికిరి? కంపెనీవారు లండనునుండి పంపిన బట్టలును పాదరక్షలును అచటి చలికి చాలవు. గట్టి తోలుబూట్లు గడ్డకట్టి కాళ్ళను కొఱుకును. వారిని బ్రతికించినది ఆ దేశపు ప్రజల విద్య. దుప్పి తోలుతో మెత్తగా కుట్టిన మొకాసిన్ అను పాదరక్ష, వంచిన కొయ్యచట్రమునకు తోలునరములతో వల అల్లి మంచుపై కూరుకుపోకుండ నడుచుటకు చేసిన మంచుచెప్పులు, బిర్చి చెట్టు పట్టతో చేసిన తేలిక పడవలు, అడవి ఎనుముల మాంసము ఎండబెట్టి దంచి క్రొవ్వుతో కలిపి చాలకాలము నిలువచేసిన పెమికన్ అను ఆహారము, ఇవన్నియు ఆ జాతులవారు కనిపెట్టినవే. అందును మొకాసినులు కుట్టుట, మంచుచెప్పుల వల అల్లుట, పెమికన్ దంచుట స్త్రీల పని. కంపెనీ తొలుత స్త్రీలను కొఠీలలోనికి రానీయరాదని లండనునుండి శాసించెను. ఆ శాసనము కాగితముననే మిగిలెను. ఆ స్త్రీల చేతిపని లేనిచో కొఠీలోని మగవాడు గుమ్మము దాటి పదియామడలు పోలేడు.

సభ్యులు గమనింపవలసిన అంశమిది. పరదేశమునకు పోయినవానిని రక్షించునది వాడు వెంట తీసికొనిపోయిన గర్వము కాదు. అచటికి పోయి నేర్చుకొన్న వినయము. నాగరకులమని తలంచి స్థానికులను చూచి నవ్వినవాడు స్కర్వీ రోగముతోనో చలితోనో మడిసెను. వారి చెంత శిష్యుడై కూర్చున్నవాడు ముసలివాడై చనిపోయెను. ఇందులకు ఇరువురు ఆర్క్నీవారి చరిత్రలు సాక్ష్యము.

మొదటివాడు విలియము టామిసను. దక్షిణ రొనాల్డ్‌సే అను దీవిలో సుమారు 1739లో జన్మించెను. 1760లో ఏడాదికి 6 పౌనుల కూలిగా చేరెను. చదువు అంతంతమాత్రము. క్రీ భాష నేర్చెను. లోపలి నదుల దారులు నేర్చెను. క్రమముగా ఎదిగి లోభూములలోని కొఠీలన్నింటికి అధికారి యయ్యెను. నేటి ఎడ్మంటను మహానగరమునకు మూలమైన కొఠీని 1795లో కట్టించినది ఆయనయే. పైసా వ్యర్థము కానీయని మితవ్యయుడు. కొంత ముక్కోపి యనియు చెప్పుదురు. కాని ఆయన పేరు నిలిచినది కొఠీలచేత కాదు.

1781-82లో ఆ ఉత్తరభూములపై మశూచి వచ్చి పడెను. ఆ జాతులలో పెక్కుమందికి దానిని ఎదుర్కొను శక్తి శరీరమున లేకుండెను. గుడారములకు గుడారములే నిశ్శబ్దములైనవి. కంబర్లండు కొఠీలో టామిసనును, ఆయన క్రింది పనివారును రోగులను లోపలికి తెచ్చుకొని, తిండి పెట్టి, నీళ్ళు పోసి, చనిపోయినవారిని గడ్డకట్టిన నేల త్రవ్వి పూడ్చిపెట్టిరి. ఏ దినమున ఎవరు వచ్చిరి, ఎవరు పోయిరి అన్నది ఆయన దినచర్యలో వ్రాయుచునే యుండెను. ఆ వ్రాతలో అలంకారములు లేవు. తోళ్ళ లెక్క వ్రాయు చేతితోనే చావుల లెక్క వ్రాసెను. మనుష్యుని మంచితనము ఒక్కొక్కప్పుడు అట్టి సాదా చిట్టాలలోనే బయల్పడును. దాదాపు అర్ధశతాబ్ది కొలువు ముగించి ఇంటికి వచ్చిన టామిసను 1829లో మరణించెను. ఆ వృద్ధుడు, తాను కూడబెట్టిన సొమ్మును తన దీవిలోని బీదపిల్లల చదువునకు వ్రాసి యిచ్చెను. ఆ సొమ్ముతో 19వ శతాబ్ది మధ్యమున అచట పాఠశాల నెలకొనెను. తనకు దక్కని చదువును తన ఊరికి కొని పెట్టినవాడు ఆయన.

రెండవవాడు వైద్యుడు జాను రే. 1813లో ఆర్ఫిర్ గ్రామముననే, అనగా పూర్వము పాదిరి నిందించిన ఊరిలోనే, పుట్టెను. ఎడింబరోలో వైద్యము చదివి 1833లో కంపెనీ ఓడలో వైద్యుడుగా బయలుదేరెను. తిరుగుప్రయాణమున మంచు అడ్డగింపగా ఓడవారు చార్ల్‌టను దీవిలో చలికాలము గడపవలసివచ్చెను. స్కర్వీ తగిలి మరణములు సంభవించినవి. రే మంచు క్రింద నిలిచియున్న క్రాన్‌బెర్రీ పండ్లను వెదకి తీసి, వసంతమున మొలకెత్తిన అడవిబఠాణి చిగుళ్ళను ఏరి, రోగులచే తినిపించి మిగిలినవారిని కాపాడెను. పిమ్మట పదేండ్లు మూస్ ఫాక్టరీలో కొలువు చేసెను. క్రీలవద్ద మంచుచెప్పుల నడక నేర్చెను. ఇన్యూట్ జాతివారివద్ద మంచుదిమ్మెలతో ఇల్లు కట్టుట నేర్చెను. తోటి దొరలు గుడారములు మోసుకొని వణకుచు పోగా, ఈయన మంచుతోనే ఇల్లు కట్టుకొని మంచులో నిద్రించెను. అట్లు సుమారు 1,750 మైళ్ళ తీరమును క్రొత్తగా పటమునకు ఎక్కించెను.

1845లో సర్ జాను ఫ్రాంక్లిను రెండు నౌకలతో ఉత్తరపు సముద్రమార్గము వెదక బోయెను. 129 మంది మనుష్యులలో ఒక్కడును తిరిగిరాలేదు. 1854లో రే ఇన్యూట్ జనులవలన వారి వార్త విని, వారివద్దనున్న వెండి చెంచాలు మొదలగు గుర్తులు కొని, ఇంగ్లండునకు తెలియజేసెను. ఆ నావికులు ఆకలికి చచ్చిరనియు, చివరి దశలో చచ్చినవారి మాంసము తినిరనియు ఆ వార్త. దేశమంతయు మండిపడెను. ప్రఖ్యాత రచయిత చార్లెసు డికెన్సు సహితము, ఆ ఆటవికుల మాట నమ్మరాదని పత్రికలో వ్రాసెను. రే తన సాక్షులను విడువలేదు. ఆ జనులు అబద్ధమాడువారు కారని ప్రత్యుత్తరము వ్రాసెను. ప్రకటిత బహుమానము 10,000 పౌనులు ఆయనకును ఆయన మనుష్యులకును దక్కెను గాని, ఇతర అన్వేషకులకు దొరకిన సర్ బిరుదు ఆయనకు దొరకలేదు. 1893లో మరణించెను. వంద యేండ్ల తరువాత, 1990ల దశకమున, ఆ దీవిలో దొరకిన యెముకలపై కత్తిగాట్లను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. 2014లో ఒక నౌకయు, 2016లో రెండవ నౌకయు నీటి అడుగున దొరకినవి. ఇన్యూట్ పెద్దలు తరతరములుగా చెప్పుచు వచ్చిన మాటలు ఆ వెదకులాటకు దారి చూపినవి. 2014లోనే లండను వెస్ట్‌మినిస్టర్ ఆబీలో రే పేర స్మారకఫలకము వెలసెను. తనకు అన్నమును విద్యయు పెట్టినవారి మాటను, సభలో అందరును కాదన్నను, కాదనక నిలిచినవాడు ఆయన. కొలువునకు పోయిన దేశముపట్ల మనుష్యునకు ఋణమొకటి యున్నచో, దానిని తీర్చు విధము అదియే.

ఈ కథలో మగవారు మాత్రమే యున్నారని తలంపరాదు. 1806లో జాను ఫబ్బిస్టరు అను పేర ఒక పనివాడు ఆర్క్నీనుండి కొలువున చేరెను. ఆల్బనీలో మూటలు మోసెను. పడవలలో దూరపు కొఠీలకు పోయెను. తోటివారితో సమానముగా పనిచేసెను. 1807 డిసెంబరు 29వ తేదీన, పెంబినా అనుచోట, ఆ పనివాడు ఒక శిశువును ప్రసవించెను. అప్పటికి గాని తెలియలేదు, ఆమె ఇసబెల్ గన్ అను స్త్రీ యని. ఏడాదిన్నరపాటు మగవాని పనికి మగవాని జీతము పొందిన ఆమెను ఆ తరువాత బట్టలుతుకు పనిలో పెట్టిరి. 1809లో బిడ్డతో ఇంటికి పంపివేసిరి. 1861లో పేదరాలుగా చనిపోయెను. ఆమె చేసిన పనిలో లోపమున్నదని ఎవ్వరును వ్రాయలేదు. ఆమె స్త్రీ యగుటయే లోపమయ్యెను.

కొలువుకాండ్రలో పెక్కుమంది ఆ దేశపు స్త్రీలతో ఆ దేశాచారము ప్రకారము కాపురము చేసిరి. పిల్లలు పుట్టిరి. ఒడంబడిక ముగిసినప్పుడు ధర్మసంకటము వచ్చెను. ఇటు ముసలి తల్లిదండ్రులు, కొందరికి ఇంటివద్ద భార్యయు. అటు క్రీ భార్య, బిడ్డలు. కొందరు విడిచిపోయిరి. కొందరు మరణశాసనములలో ఆ బిడ్డలకు సొమ్ము వ్రాసిరి. కొందరు ఎన్నటికిని తిరిగిరాక, 1812లో ఏర్పడిన ఎఱ్ఱనది వలసగ్రామమున స్థిరపడిరి. లింక్లేటరు, ఫ్లెట్, ఇస్‌బిస్టరు అను ఆర్క్నీ ఇంటిపేర్లు నేటికిని కెనడాలోని క్రీ కుటుంబములలో కలవు. ఆర్క్నీ యాసయు క్రీ భాషయు కలిసిన బంగీ అను మాటతీరు ఎఱ్ఱనది ఒడ్డున ఒకప్పుడు వినబడుచుండెను. ఒడంబడిక ఐదేండ్లకే వ్రాసికొన్నను, రక్తసంబంధము ఐదేండ్లతో తెగదు.

ఇంటివద్ద నిలిచినవారి దుఃఖము వేరు. కాళిదాసుని మేఘసందేశమున యక్షుడు ఒక్క యేడాది ప్రవాసమునకే తాళలేక మేఘమును దూతగా పంపెను. ఆర్క్నీ తల్లికి మేఘము లేదు. ఏడాదికొక ఓడ యున్నది. ఆమె వ్రాయించిన ఉత్తరము చేరునప్పటికి కొడుకు చనిపోయియుండవచ్చును, లేక మరియొక కొఠీకి పోయియుండవచ్చును. అట్లు ఎవ్వరికిని చేరని ఉత్తరములు కంపెనీ కచేరికి తిరిగివచ్చి అచటనే నిలిచిపోయినవి. 1830 మొదలు 1857 వరకు పడమటి తీరపు కొలువుకాండ్రకు వచ్చి చేరకపోయిన ఉత్తరములను 2003లో పుస్తకముగా అచ్చువేసిరి. కుమారుడు చూడవలసిన అక్షరములను నూటయేబది యేండ్ల తరువాత అపరిచితులు చూచుచున్నారు. ఉత్తరము వ్రాయుటను రేపటికి వాయిదా వేయువారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

గ్రంథాలయ సభ్యులకు సంతోషకరమగు విషయమును చెప్పవలసియున్నది. ఆ సుదీర్ఘ రాత్రులలో వారికి తోడు పుస్తకము. వేరొక కంపెనీకి చెందిన రాడరికు మెకెంజీ 18వ శతాబ్ది చివర, చిపెవ్యాన్ కోటలో, ఉత్తరపు మారుమూలలో, గ్రంథాలయము నెలకొల్పెను. దానిచే ఆ చోటికి ఉత్తరపు చిన్న ఏథెన్సు అను పేరు వచ్చెను. 19వ శతాబ్దిలో యార్క్ ఫాక్టరీ మొదలగు కొఠీలలో చందాలు వేసికొని గ్రంథాలయములు నడిపిరి. పుస్తకము ఓడలో వచ్చి, పడవలలోను మంచుబండ్లమీదను కొఠీనుండి కొఠీకి సంచారము చేయుచుండెను. చందా చెల్లింప వెనుకాడు సభ్యులు మన గ్రామమున ఎవరైన నున్నచో, వారు ఆ చలిని ఒకమారు స్మరింపవలెను.

కంబర్లండు కొఠీలో 1822లో జన్మించిన అలెగ్జాండరు కెనడీ ఇస్‌బిస్టరు, ఆర్క్నీ తండ్రికిని క్రీ రక్తము కలిగిన తల్లికిని కుమారుడు. కంపెనీలో కొంతకాలము పనిచేసి, తనవంటి మిశ్రమజాతివారికి పైమెట్టు దొరకదని గ్రహించి, ఇంగ్లండు పోయి ఉపాధ్యాయుడయ్యెను. 1847లో తన జనుల పక్షమున కంపెనీపై ప్రభుత్వమునకు విజ్ఞాపన చేసెను. 1883లో మరణించునప్పుడు, తన ధనమును వేలకొలది గ్రంథములను మానిటోబా విశ్వవిద్యాలయమునకు వ్రాసి యిచ్చెను. ఆ ధనముతో జాతి, మత, స్త్రీపురుష భేదములు లేక విద్యార్థివేతనము లొసగవలెనని నియమించెను. ఆ పుస్తకములలో పెక్కు 1898లో అగ్నిప్రమాదమున నశించినవి. విద్యార్థివేతనములు నిలిచినవి. కాగితము కాలవచ్చును, చదివించిన చదువు కాలదు.

కొఠీల చిట్టాలకును ఒక విచిత్రమైన పరిణామము కలిగెను. నది ఏనాడు గడ్డకట్టెను, ఏనాడు కరగెను అని కూలివాండ్ర పెద్దలు వ్రాసిన దినచర్యలు నేడు శీతోష్ణస్థితి శాస్త్రజ్ఞులకు ఆధారములు. ఏ యేట ఎన్ని తోళ్ళు వచ్చినవో చూపు జాబితాలనుబట్టి లింక్స్ అను అడవిపిల్లి సంఖ్య సుమారు పదేండ్లకొకసారి పెరిగి తరుగుచున్నదని చార్లెసు ఎల్టను అను జీవశాస్త్రజ్ఞుడు 1942లో తేల్చెను. ఆ లెక్కలు వ్రాసినవారు శాస్త్రమును ఉద్దేశింపలేదు. యథార్థముగా వ్రాసిరి, అంతియే. ఆ దస్తరములు నేడు విన్నిపెగ్ నగరమున భద్రముగా నున్నవి. 2007లో యునెస్కోవారు వానిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చిరి.

ఇక ఆయవ్యయములు చూచి ముగింపవలెను. 1870లో కంపెనీ తన భూమి హక్కులను 3 లక్షల పౌనులకు కెనడాకు వదలుకొనెను. ఆ భూమిలో పుట్టిన జాతులను అప్పుడును అడుగలేదు. 1957లో యార్క్ ఫాక్టరీ మూతపడెను. దాని పెద్ద కొయ్యభవనము మాత్రము నేటికిని గడ్డకట్టిన నేలపై నిలిచియున్నది. 2025లో కంపెనీ దుకాణములన్నియు మూతపడినవి. 355 యేండ్ల వర్తకము ముగిసెను. జమ వైపున ఏమి మిగిలినది? టోపీలు చిరిగిపోయినవి, లాభములు ఎవరెవరో తినిరి. మిగిలినవి ఒక పాఠశాల, కొన్ని విద్యార్థివేతనములు, యథార్థముగా వ్రాసిన లెక్కలు, రెండు జాతులు కలిసిన కుటుంబములు, అందరును కాదన్నను నిలిచిన ఒక సాక్ష్యము. ఖర్చు వైపున మశూచిచే తుడిచిపెట్టబడిన గుడారములు, విడువబడిన భార్యలు, చేరని ఉత్తరములు. ఈ ఖాతా సరిపోయినదని ఎవ్వరును చేవ్రాలు చేయజాలరు.

నేడు తెలుగు బిడ్డలు అదే కెనడా మంచుసీమకు చదువునకును కొలువునకును పోవుచున్నారు. ఉత్తరము నేడు ఏడాదికొకసారి కాదు, నిమిషములో చేరును. అయినను చలి అదియే, అప్పు అదియే, ఇంటివద్ద కన్నతల్లి ఎదురుచూపు అదియే. పోవువానిని పాదిరివలె నిందించుటవలన ప్రయోజనము లేదు. పోవద్దని చెప్పువాడు ముందుగా ఊరిలో పని చూపవలెను. పోయినవాడు మాత్రము మూడు సంగతులు మరువరాదు. అచటివారివద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడరాదు; వారి ఋణము పడినప్పుడు వారి పక్షమున మాటాడుటకు వెనుదీయరాదు; కూడబెట్టినదానిలో కొంత, తనకు తొలి అక్షరము నేర్పిన ఊరికి చేర్చవలెను. టామిసను పంపినది పాఠశాల. మన గ్రామమునుండి దూరదేశము పోయినవారు ఈ గ్రంథాలయమునకు ఏడాదికొక మంచి పుస్తకము పంపినను చాలును. బీరువా నిండును, ఊరికిని వారికిని నడుమ దారి మూతపడకుండును.

స్వస్తి.